టగాలోగ్, ఇండోనేషియన్, మావోరీ: లెక్కల్లో ఈ పోలిక అరువా, చుట్టరికమా?

థర్డ్‌ఇంజనీర్

అందరికీ నమస్కారం. నేను సరుకు ఓడలో థర్డ్ ఇంజనీర్‌ని. మా సిబ్బందిలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్ వాళ్లు, ఆ తర్వాత ఇండోనేషియా వాళ్లు. ఇంజన్ రూమ్‌లో స్పేర్ పార్టులు లెక్కపెట్టేటప్పుడు వాళ్ల అంకెలు రోజూ చెవిన పడుతుంటాయి.

మా ఫిట్టర్ టగాలోగ్‌లో లెక్కపెడతాడు: ఇసా, దలవా, తత్లో, ఆపత్, లీమా, ఆనిమ్, పితో, వలో, సియమ్, సంపూ. ఆయిలర్‌ది ఇండోనేషియన్: సతూ, దువా, తీగా, అంపత్, లీమా, అనమ్, తుజుహ్, దలాపన్, సంబిలన్, సపులుహ్. కన్నుకి ఇద్దరూ మాతా అనే అంటారు. ఆకాశానికి లాంగిత్, బిడ్డకి అనక్. రాయి ఒకరికి బతో, ఇంకొకరికి బతూ. పక్కపక్క దేశాలు కదా, ఒకరి మాటలు ఒకరికి అంటుకుని ఉంటాయిలే అనుకుని వదిలేశాను.

ఈమధ్య ఆక్లాండ్‌లో ఆగినప్పుడు కంటైనర్లు కదలకుండా కట్టే లాషింగ్ పని చూసే మావోరీ కుర్రాడొకడు పరిచయమయ్యాడు. అతని లెక్క: తహి, రువా, తోరు, ఫా, రిమా, ఓనో, ఫితు, వారు, ఇవా, తేకౌ. రిమా వినగానే మా ఫిట్టర్, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మనీలా ఎక్కడ, ఆక్లాండ్ ఎక్కడ!

రెండు సందేహాలు. ఇవి వ్యాపారంతో పాటు ప్రయాణం చేసిన మాటలా, లేక ఈ భాషలు నిజంగా ఒక తల్లి పిల్లలా? పిల్లలే అయితే ఏడు దగ్గర లెక్క ఎందుకు తప్పింది? మావోరీ ఫితు టగాలోగ్ పితోకి సరిపోతోంది. మధ్యలో ఉన్న ఇండోనేషియన్‌లో మాత్రం తుజుహ్. ఇది నన్ను నిజంగా నిద్రపోనివ్వడం లేదు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రామచిలుక

వ్యాపారమే అయి ఉంటుందండీ. మలయ్ వందల ఏళ్లపాటు ఆ సముద్రాలన్నిటికీ రేవుల భాష, ఇవాళ్టి ఇండోనేషియన్ దాని రూపమే. ఇండోనేషియన్‌లో గురు, భాష, నామ, రాజా అన్నీ ఉన్నాయి. అంతమాత్రాన అది సంస్కృతానికి చుట్టం కాదుగా. ఓడల్లో తిరిగేవాళ్లకి ముందు కావాల్సింది అంకెలే, కాబట్టి అంకెలు ముందు పాకుతాయి.

నత్తగుల్ల

నేను భాషాశాస్త్రంలో చదువుకున్నది ఈ భాషల కుటుంబం గురించే, దీన్ని ఆస్ట్రోనేషియన్ అంటారు. అందుకని కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

రామచిలుక గారు చెప్పిన అరువు నిజంగానే ఉంది. టగాలోగ్‌లో మొహాన్ని ముఖా అంటారు, ఆశని ఆసా, టీచర్‌ని గురో. ఇలాంటి సంస్కృతం మాటలు చాలావరకు మలయ్ మీదుగా అక్కడికి చేరాయి. ఇండోనేషియన్‌లో తలని కపాలా అంటారు. మన కపాలమే అది. అయితే ఆ భాషకి సొంత మాట లేక కాదు. తలకి టగాలోగ్‌లో ఊలో, సమోవన్‌లో ఉలు, తైవాన్ కొండల్లోని పైవాన్‌లో కులు. ఆ పాత మాట మలయ్‌లో హులు అని ఇవాళ్టికీ బతికే ఉంది. కాకపోతే అర్థం జరిగింది, నదికి ఎగువ భాగాన్ని హులు అంటారు. అరువు మాట వచ్చి పాతదాన్ని పక్కకి నెట్టినా, పాతది పూర్తిగా చెరిగిపోలేదన్నమాట. ఇలాంటి చోట ఏది అరువో ఏది సొంతమో విడదీయడం కష్టం కాదు.

మరి లీమా, మాతా, బతూ అరువు కాదని ఎలా తెలుసు? ఒకేలా ఉన్నాయి కాబట్టి అనకండి. ఒకేలా ఉండటం దేన్నీ రుజువు చెయ్యదు. ఇవాళ్టి గ్రీకులో కన్నుకి మాటి అంటారు, మలయ్ మాతాకి ఎంత దగ్గరగా ఉందో చూడండి. అది వట్టి కాకతాళీయం. గ్రీకు మాట వేరే పొడుగైన మాట అరిగిపోగా మిగిలింది. మనం చూడాల్సింది పోలికని కాదు, తేడాని. తేడా ప్రతిసారీ ఒకే రకంగా వస్తోందా లేదా అన్నదే అసలు పరీక్ష.

మీ ఫిట్టర్‌ని, ఆయిలర్‌ని పక్కపక్కన కూర్చోబెట్టి నాలుగు మాటలు అడగండి. తెరచాపకి ఇండోనేషియన్‌లో లాయర్, టగాలోగ్‌లో లాయగ్. నరానికి ఉరత్, ఉగత్. గుడ్డుకి తలుర్, ఇత్లోగ్. బియ్యానికి బరస్, బిగస్. ఇండోనేషియన్‌లో ర ఉన్నచోట టగాలోగ్‌లో గ వస్తోంది. ఇప్పుడు బోర్నియో దక్షిణాన ఉన్న ంగాజు దయాక్ వాళ్లని అడిగితే నరం ఉహత్, బియ్యం బెహస్. వాళ్లకి అదే చోట హ. 19వ శతాబ్దంలో వాన్ డెర్ టూక్ అనే డచ్ పండితుడు పట్టుకున్న సూత్రం ఇది. అరువు తెచ్చుకునేవాడు ర విని ల అని పలకొచ్చు, కాదనను. కానీ నరం, గుడ్డు, బియ్యం, తెరచాప అన్నిట్లోనూ వరసపెట్టి గ చేసుకోడు. ఒకప్పుడు ఒకటే ధ్వని ఉండి, అది ఒకచోట ర వైపు, ఒకచోట గ వైపు, ఒకచోట హ వైపు జరిగితేనే ఇలా కుదురుతుంది. ఆ ధ్వని మావోరీ, హవాయియన్ వైపు వెళ్లేసరికి పూర్తిగా రాలిపోయింది. అందుకే లాయర్ కాస్తా హవాయియన్‌లో లా అయింది, మావోరీలో రా. ఇంత కురచ మాటని చూసి ఇది లాయర్‌కి చుట్టమని వినికిడితో ఎవరూ చెప్పలేరు. సూత్రం చెబుతుంది.

ఇక మీ ఏడు సంగతి. ఇక్కడ తప్పిపోయింది మావోరీ కాదు, మలయ్. సంబిలన్ అన్న మాటని విప్పి చూస్తే లోపల అంబిల్ కనబడుతుంది, అంటే తీసుకోవడం. పదిలోంచి ఒకటి తీసేస్తే తొమ్మిది. దలాపన్ కూడా అదే పద్ధతి, రెండు తీసేసినది. ఏడు, ఎనిమిది, తొమ్మిదికి మలయ్ వాళ్లు పాత మాటలు వదిలేసి కొత్తవి కట్టుకున్నారు. మూడుకి తీగా కూడా కొత్తదే. మీ ఆయిలర్‌ది జావా అయితే ఒక పని చెయ్యండి. ఇండోనేషియన్‌లో కాకుండా, ఇంట్లో వాళ్లమ్మతో మాట్లాడే జావనీస్‌లో లెక్కపెట్టమనండి. ఏమన్నాడో ఇక్కడ రాయండి.

ఈ చుట్టరికం గుర్తించడం కూడా ఇవాళ్టిది కాదు. 1616లో షూటెన్, లె మేర్ అనే డచ్ నావికులు పసిఫిక్ దాటుతూ దారిలో దీవుల వాళ్ల మాటలు రాసుకున్నారు. దాదాపు వందేళ్ల తర్వాత, 1708లో, రేలండ్ అనే డచ్ పండితుడు ఆ జాబితాని, మలయ్‌ని, మడగాస్కర్ భాషని పక్కపక్కన పెట్టి చూసి వీటికి సంబంధం ఉందన్నాడు. 1769లో కెప్టెన్ కుక్ ఓడ న్యూజిలాండ్ చేరినప్పుడు అందులో తుపాయా ఉన్నాడు. తాహితీ దగ్గరి రాయియాతేయా దీవికి చెందిన అర్చకుడు, నావికుడు. ఆ తీరాన్ని అంతకుముందు ఎన్నడూ చూడనివాడు మావోరీలతో తన భాషలో మాట్లాడితే వాళ్లకి అర్థమైంది. మీ ఓడలో మీరు విన్నది ఆ వరసలోదే.

థర్డ్‌ఇంజనీర్

నత్తగుల్ల గారూ, అడిగానండీ! మా ఆయిలర్‌ది సెమరాంగ్. ముందు సిగ్గుపడ్డాడు, తర్వాత చకచకా చెప్పాడు: సిజి, లోరో, తలు, పపత్, లిమో, నమ్, పితు, వోలు, సొంగో, సపులుహ్.

మూడు తలు. మావోరీ తోరు. ఏడు పితు, మావోరీ ఫితు. ఎనిమిది వోలు, ఫిట్టర్‌ది వలో, మావోరీ వారు. అంటే ఆ అబ్బాయి నోట్లో పాత లెక్క పక్కనే ఉంది, డ్యూటీలో మాత్రం కొత్తది వాడుతున్నాడు. ఫిట్టర్ పక్కనే ఉండి పితు వినగానే ఇంక వదల్లేదు, ఇద్దరూ కలిసి వంటగదిలో కనబడిన ప్రతి వస్తువు పేరూ ఒకరినొకరు అడుక్కుంటూ కూర్చున్నారు. బియ్యం బస్తా దగ్గర మీ గ, ర బయటపడ్డాయి.

ఇప్పుడు ఇంకో సందేహం. మడగాస్కర్ అన్నారు. అది ఆఫ్రికా పక్కన ఉంది కదా? అక్కడి భాష వీటికి చుట్టమెలా అవుతుంది? వీళ్లందరిలో అసలు మూలం ఎక్కడిది?

వనిల్లాతోట

మడగాస్కర్ అనేసరికి ఆగలేకపోయాను. ఉద్యోగరీత్యా అక్కడ ఉన్నాను, అక్కడి భాష మలగాసీ బజారు స్థాయిలో మాట్లాడతాను. అక్కడి స్పెల్లింగ్‌లో ఓ అక్షరం ఉన్నచోట ఉ అని పలుకుతారు, నేను పలుకుబడి ప్రకారం రాస్తున్నాను.

రెండు రువ, మూడు తెలు, అయిదు దిమి, ఏడు ఫితు, ఎనిమిది వలు. రాయి వతు, ఆకాశం లనిట్ర, చంద్రుడు వులన. మీ ఆయిలర్ పక్కన కూర్చోబెడితే సగం వాటికి తలూపుతాడు.

నత్తగుల్ల గారు తేడాని చూడమన్నారు కదా, నాకు బాగా తెలిసినదొకటి. మలయ్‌లో క ఉన్నచోట మలగాసీలో హ వస్తుంది. చర్మం మలయ్‌లో కులిత్, మలగాసీలో హుదిట్ర. కట్టె, చెట్టు కాయు, హజు. భయం తకుత్, తహుట్ర. ఇందులో తెలుగువాళ్లకి నచ్చేది ఒకటుంది. సంస్కృతం కోటి మలయ్‌కి వెళ్లి కతి అయింది, విలువ పడిపోయి లక్షకి వాడారు. అక్కడి నుంచి మడగాస్కర్ చేరి హెత్సి అయింది. లక్ష అనే అర్థం. క పోయి హ వచ్చింది, ఇ ముందు త కాస్తా త్స అయింది. అరువు మాట కూడా ఇంట్లో వాటితో పాటే మారిందంటే, ఆ మార్పు జరగకముందే అది భాషలో చేరిపోయిందన్నమాట. మలగాసీ వాళ్ల పూర్వీకులు బయల్దేరేనాటికే వాళ్లకి సంస్కృతం మాటలు తగిలాయి కాబట్టి, ఆ వలస క్రీస్తుశకం మొదటి వెయ్యేళ్లలో జరిగి ఉంటుందని లెక్క కట్టారు.

ఎక్కడి నుంచి అన్నది కూడా తేలింది. ఓటో క్రిస్టియన్ డాల్ అనే నార్వే మిషనరీ 1951లో చూపించాడు. బోర్నియో ఆగ్నేయంలో బరీటో నది పరీవాహకంలో మాన్యన్ అనే భాష ఉంది. నీళ్లకి వాళ్లు రను అంటారు, మలగాసీలోనూ రను. మలగాసీకి అందరికంటే దగ్గరి చుట్టాలు ఆ బరీటో భాషలే.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది దిక్కులు. మలయ్‌లో బరత్ అంటే పడమర, తిమూర్ అంటే తూర్పు. మలగాసీలో అవరట్ర అంటే ఉత్తరం, అత్సిము అంటే దక్షిణం. మాటలు అవే, దిక్కులు తిరిగిపోయాయి. ఎందుకంటే అవి మొదట దిక్కుల పేర్లు కావు, గాలుల పేర్లు. వాన తెచ్చే గాలి ఇండోనేషియాలో పడమర నుంచి వస్తే మడగాస్కర్‌లో ఉత్తరం వైపు నుంచి వస్తుంది. నావికులు గాలిని చూసి పేరు పెట్టుకున్నారు.

తినడానికి మలగాసీలో ఒక మాట హుమన. మలయ్‌లో మకన్. ఇది మాత్రం నాకు ఎక్కడా అతకడం లేదు. నత్తగుల్ల గారు చెప్పాలి.

పాతరాయి

అంతా బాగుంది గానీ, మూలం తైవాన్ అని చెప్పబోతున్నారని ముందే ఊహిస్తున్నాను. నాకది మింగుడు పడదు. మంచుయుగం చివర సముద్రం పెరిగి సుందాలాండ్ అనే పెద్ద భూభాగం మునిగిపోయింది. ఇవాళ్టి ఇండోనేషియా పడమటి దీవులు ఆ భూభాగం తాలూకు ఎత్తైన తునకలే. అక్కడి జనమే నాలుగు వైపులా చెదిరారు అనుకుంటే సరిపోదా? కోట్లమంది మాట్లాడేది ఇండోనేషియాలో. తైవాన్‌లో ఈ భాషలు మాట్లాడేవాళ్లు పిడికెడు మంది. పిడికెడు మంది ఉన్నచోట మూలం ఏమిటి?

నత్తగుల్ల

వనిల్లాతోట గారూ, హుమన దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే పాతరాయి గారి ప్రశ్నకి దారి అటుగానే ఉంది.

మీ సూత్రం ప్రకారం హ వెనక క ఉండాలి. పెట్టి చూడండి: కుమన. ఇప్పుడు థర్డ్‌ఇంజనీర్ గారి ఫిట్టర్‌ని, తిన్నాడు అనడానికి ఏమంటావని అడగండి. కుమాయిన్ అంటాడు. తైవాన్ తూర్పు తీరంలో ఆమిస్ జనాన్ని అడగండి. కుమాఎన్. దక్షిణ కొండల్లో పైవాన్ వాళ్లు కెమన్ అంటారు. ధాతువు కాఎన్ లాంటిది. దాని మొదటి హల్లు తర్వాత, మాట కడుపులో, ఉమ్ అనే ముక్క చేరింది. దీన్ని మధ్యప్రత్యయం అంటారు. మాటలు అరువు వెళ్తాయి, చివర తగిలించే ప్రత్యయాలు కూడా అప్పుడప్పుడు వెళ్తాయి. మాటని చీల్చి మధ్యలో ముక్క దూర్చే పద్ధతి, అదీ అదే ధాతువులో, అదే ముక్కతో, తైవాన్ నుంచి మడగాస్కర్ దాకా అరువుగా పాకిందంటే నేను నమ్మను. అది పుట్టుకతో వచ్చినది. మలయ్ మకన్‌లోనూ ఆ ధాతువే ఉంది, దానికి ముందు వేరే ఉపసర్గ చేరింది.

పాతరాయి గారూ, ఎంతమంది మాట్లాడుతున్నారన్నది మూలస్థానానికి కొలమానం కాదు. భాష ఎక్కడ ఎక్కువగా చీలి ఉందో అది చూడాలి. ఎక్కువకాలం ఉన్నచోటే లోతైన చీలికలు వస్తాయి.

రెండు అనే అంకె చూడండి. పైవాన్‌లో దుసా, తైవాన్ నడిబొడ్డున బునున్‌లో కూడా దుసా, ఆమిస్‌లో తుసా. తైవాన్ దాటగానే ఆ స పోతుంది. ఫిలిప్పీన్స్ మధ్యదీవుల్లో సెబువానోలో దుహా. ఇంకా కిందకి మలయ్‌లో దువా. మలగాసీలో రువ, ఫిజీలో, మావోరీలో రువా, హవాయియన్‌లో లువా, టోంగన్‌లో ఉవా. స మొదట హ అయింది, ఆ హ కూడా చాలాచోట్ల పోయింది. ధ్వని ఈ దారిలో నడవడం మామూలు. ఏమీ లేనిచోట దువా మధ్యలో స పుట్టుకురావడానికి ఏ కారణమూ చూపలేం.

అలాగే కన్ను. పైవాన్‌లో మాత్సా. తైవాన్ బయట చాలామందికి మాతా. మూలభాషలో త, త్స అని రెండు వేరువేరు ధ్వనులు ఉండేవి, తైవాన్ భాషల్లో కొన్ని వాటిని ఇవాళ్టికీ విడిగా ఉంచాయి. బయటి భాషలన్నిట్లో రెండూ కలిసిపోయాయి. న సంగతీ అంతే. బిడ్డ పైవాన్‌లో అల్యక్, బయట అనక్. నీళ్లు పైవాన్‌లో జల్యుమ్, మాన్యన్‌లో రను. కలిసిపోయిన ధ్వనుల్ని మళ్లీ సరిగ్గా పాత లెక్క ప్రకారం విడదీయడం ఏ భాషకీ చేతకాదు, ఏ మాటలో ఏది ఉండేదో మాట్లాడేవాడికి తెలియదు కాబట్టి. కనుక కలిపేసినవాళ్లు తర్వాతివాళ్లు, విడిగా ఉంచినవాళ్లు అంతకుముందే చీలిపోయినవాళ్లు.

దీని ఫలితం ఏమిటంటే, మడగాస్కర్ నుంచి ఈస్టర్ దీవి దాకా, హవాయి నుంచి న్యూజిలాండ్ దాకా ఉన్న వెయ్యికి పైచిలుకు భాషలూ ఈ మార్పులన్నిటినీ పంచుకున్నాయి. అవన్నీ కలిపి ఒకే ఒక్క శాఖ, మలయో పాలినీషియన్. రాబర్ట్ బ్లస్ట్ అనే భాషావేత్త 1999లో వేసిన వర్గీకరణలో మొత్తం కుటుంబానికి పది మొదటి శాఖలు. ఆ పదిలో తొమ్మిది తైవాన్‌లోనే ఉన్నాయి. అంత చిన్న దీవిలో! మీరు పిడికెడు అన్నారు చూడండి, ఆ పిడికెడులో కుటుంబం వయసంతా ఉంది.

ఇది చెప్పేటప్పుడు నాకు నిజంగా బాధ కలుగుతుంది. చాలాకాలం ఈ భాషల్ని ఎవరూ పట్టించుకోలేదు. ఓటో డెంప్‌వోల్ఫ్ అనే జర్మన్ వైద్యుడు 1934, 1938 మధ్య మూడు సంపుటాల్లో మూలభాషని పునర్నిర్మించాడు. అద్భుతమైన పని, కానీ తైవాన్ భాషలు అందులో లేవు. 1965లో ఇసిడోర్ డయెన్ అనే భాషావేత్త మాటల శాతాలు లెక్కకట్టి మూలస్థానాన్ని న్యూగినీ వైపుకి పట్టుకెళ్లాడు. న్యూగినీ, దాని తూర్పు దీవులు ఉన్న మెలనీషియా భాషలు ఒకదానితో ఒకటి పోలిక లేకుండా కనబడ్డాయి కాబట్టి అక్కడే పాతకాలపు చీలిక ఉందనుకున్నాడు. వాటిలో చాలా భాషలు పపువన్ భాషల (న్యూగినీ వైపు ఉండే, ఈ కుటుంబానికి చెందని భాషలు) పక్కన వేల ఏళ్లు ఉండి సొంత మాటలు పోగొట్టుకున్నాయి, అంతే. ఈలోపు తైవాన్‌లో పాజె అనే భాషని ధారాళంగా మాట్లాడే ఆఖరి మనిషి పాన్ జిన్ యూ 2010లో తొంభై ఆరో ఏట చనిపోయారు. సిరాయా అనే ఇంకో తైవాన్ భాష అంతకు చాలా ముందే మాట్లాడేవాళ్లు లేకుండా పోయింది. 1661లో డచ్ పాస్టర్ గ్రేవియస్ చేసిన మత్తయి సువార్త అనువాదం ఉండబట్టి మనకి ఆ భాష స్వరూపం దక్కింది. ఇక్కడ ఒక భాష పోవడమంటే మొత్తం కుటుంబానికి ఒక సాక్షి పోవడం.

సుందాలాండ్ విషయానికొస్తే, కాలం కుదరదు. సముద్రం అక్కడ పెరగడం చాలావరకు ఏడెనిమిది వేల ఏళ్ల కిందటే అయిపోయింది. ఈ మూలభాషలో వరి పైరుకి వేరే మాట, బియ్యానికి వేరే మాట, అన్నానికి వేరే మాట ఉన్నాయి. కొర్రకి మాట ఉంది, నేతకి మాట ఉంది. మలయ్ తనున్, మలగాసీ తెనున, రెండూ నేతే. వేటాడి బతికేవాళ్ల భాష కాదిది, పొలం చేసినవాళ్ల భాష. తైవాన్ దక్షిణాన తైనాన్ సైన్స్ పార్క్ కట్టేచోట బయటపడ్డ నాన్ క్వాన్ లి అనే నివాసంలో మాడిన వరి గింజలు, కొర్ర గింజలు రెండూ దొరికాయి. వాటి వయసు సుమారు 4,500 నుంచి 5,000 ఏళ్లు. 2009లో గ్రే, డ్రమండ్, గ్రీన్‌హిల్ అనే పరిశోధకులు 400 భాషల ప్రాథమిక పదాలతో కంప్యూటర్‌లో వంశవృక్షం కడితే వేరు తైవాన్‌లో, దాదాపు 5,200 ఏళ్ల కిందట అని వచ్చింది.

జనం సంగతి మాత్రం వేరు, ఇక్కడ మీ అనుమానంలో బలం ఉంది. దీవుల్లో అంతకుముందే మనుషులు ఉన్నారు, వాళ్ల రక్తం ఎక్కడికీ పోలేదు. ఫిలిప్పీన్స్‌లో అగ్తా, ఆయ్తా జనం అక్కడ అతి పురాతనులు, ఇవాళ వాళ్లు మాట్లాడేవన్నీ ఆస్ట్రోనేషియన్ భాషలే. పసిఫిక్ దీవి దేశం వనువాటులో నేటి జనానికి ఎక్కువ వారసత్వం పపువన్ వైపు నుంచి, భాషలు మాత్రం ఈ కుటుంబానివి. అదే వనువాటులో, టోంగాలో లాపితా అనే రకం కుండలు చేసిన తొలి జనం ఎముకల్లో డీఎన్ఏ 2016లో చూస్తే పపువన్ ఛాయ దాదాపు లేదు, తైవాన్, ఉత్తర ఫిలిప్పీన్స్ జనానికి దగ్గరగా ఉంది. భాష ఒక దారిన, రక్తం ఇంకో దారిన వెళ్లడం అక్కడ మామూలు.

పాతరాయి

రక్తం, భాష విడదీసి చెప్పాక చాలావరకు ఒప్పుకుంటున్నాను. మీరే పాజె ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. లోరాన్ సగార్ అనే ఫ్రెంచ్ పండితుడు ఆ తొమ్మిది శాఖల లెక్కే తప్పంటాడు కదా?

థర్డ్‌ఇంజనీర్

నాది చిన్న ప్రశ్న. మావోరీకి దగ్గర మా ఫిట్టరా, ఆయిలరా?

నత్తగుల్ల

పాతరాయి గారూ, అవును, సగార్ 2004లో వేరే వృక్షం ప్రతిపాదించాడు. దానికి ఆధారం మన థర్డ్‌ఇంజనీర్ గారు మొదలుపెట్టిన అంకెలే. పాజెలో అయిదు ఖసెప్, ఏడు ఖసెబిదుసా. అంటే అయిదూ రెండూ. ఎనిమిది అయిదూ మూడు. మూలభాషలో లెక్క ఇలాగే ఉండేదని, ఆ పొడుగాటి ఏడులోంచి ముందూ వెనకా రాలిపోయి మధ్యలోని పితు మిగిలిందని అతని వాదన. అలా అయితే పితు ఉన్న భాషలన్నీ ఒక శాఖ, లేనివి అంతకుముందు విడిపోయినవి. తొమ్మిది శాఖలు పక్కపక్కన కాకుండా ఒకదాని లోపల ఒకటిగా అమరుతాయి. వినడానికి చాలా అందంగా ఉంటుంది. నా మొగ్గు మాత్రం బ్లస్ట్ వైపే. పాత అంకెలు పోగొట్టుకుని అయిదు మీద కొత్తగా కట్టుకోవడం ఏ భాషకైనా జరగొచ్చు. మలయ్ కళ్లముందే ఆ పని చేసింది కదా, సంబిలన్ అని. ఒక్క అంకెల వరస మీద వృక్షమంతా నిలబెట్టడం నాకు ధైర్యం చాలదు. ఒకటి గమనించండి, ఈ గొడవ తైవాన్ లోపలి కొమ్మల గురించే. వేరు తైవాన్‌లో ఉందని ఇద్దరూ ఒప్పుకుంటారు.

థర్డ్‌ఇంజనీర్ గారూ, ఇద్దరూ మావోరీకి దూరమే. వాళ్లిద్దరిలో ఎవరు దగ్గర అన్నదానికి అర్థం లేదు. మావోరీ ఓషియానిక్ అనే శాఖలోది. ఫిజియన్, సమోవన్, టోంగన్, హవాయియన్, న్యూగినీ తీరంలోని మోతు, సాలమన్ దీవుల్లో చాలా భాషలు, అన్నీ అందులోవే. మీ ఫిట్టర్‌కి రాయి బతో, ఏడు పితో. ఆయిలర్ ఇంటి భాషలోనూ రాయి వతు, ఏడు పితు. ఇద్దరికీ రాయి ఒక ధ్వనితో, ఏడు వేరే ధ్వనితో మొదలవుతాయి. ఫిజియన్‌లో రాయి వాతు, ఏడు వీతు. మావోరీలో రాయికి ఒక మాట ఫాతు, ఏడు ఫితు. హవాయియన్‌లో రాయి పోహాకు, చివరి హాకు ముక్కే పాత రాయి, ఏడు హీకు. ఓషియానిక్ మూలభాషలో ప, బ రెండూ కలిసి ఒకటైపోయాయి. ఆ తర్వాత అది ఫిజీలో వ అయినా, న్యూజిలాండ్‌లో ఫ అయినా, హవాయిలో హ అయినా, రాయి, ఏడు మాత్రం ఒకే ధ్వనితో మొదలవుతాయి. ఈ కలయిక దాదాపు 3,300 ఏళ్ల కిందట న్యూగినీకి తూర్పున బిస్మార్క్ దీవుల ప్రాంతంలో, లాపితా కుండల జనం నోట జరిగిందని నమ్ముతున్నారు. అక్కడి నుంచి టోంగా, సమోవాలకి అయిదారు వందల ఏళ్లలోనే చేరారు. అక్కడ వెయ్యేళ్లకి పైగా ఆగి, మళ్లీ తూర్పుకి కదిలారు. న్యూజిలాండ్ చేరింది 13వ శతాబ్దంలో. అందుకే హవాయియన్, మావోరీ ఇప్పటికీ అంత దగ్గర. మావోరీ తంగతా అక్కడ కనకా, మనిషి అని. త కాస్తా క అయింది, ంగ కాస్తా న అయింది. ఆరోహా అక్కడ అలోహా. మీ లాషింగ్ కుర్రాడికి ఈ రెండు మార్పులూ, ర ల అవడమూ చెప్పి హవాయియన్ పాఠం ఒకటి ఇవ్వండి, చాలా మాటలు గుర్తుపడతాడు.